జానెడు తక్కువ

"అయిదు... అయిదు... నాలుగున్నర!"

లాంచీ ముక్కు మీద నిలబడి అతను గడ ముంచుతున్నాడు, తీస్తున్నాడు, మళ్లీ ముంచుతున్నాడు. వెనక చక్రం పట్టుకున్న సరంగు ఆ కేకను బట్టి లాంచీని నడుపుతున్నాడు. దీవికీ అవతలి ఒడ్డుకీ మధ్య సముద్రపు పాయ దాటడానికి ముప్పావుగంట. సగం దారిలో ఇసుక మేట ఒకటుంది. ఇవాళ ఉన్నచోట రేపు ఉండదు. అందుకే లాంచీకి ఒక గడ, ఆ గడకు ఒక మనిషి. నాలుగడుగుల నీళ్లుంటే లాంచీ పోతుంది, లేకపోతే చుట్టుతిరిగి పోవాలి. ఇరవై తొమ్మిదేళ్లుగా అతని పని ఇంతే. జనం అతన్ని లోతులాయన అంటారు. సొంత పేరు ఓటర్ల జాబితాలో తప్ప ఎక్కడా వాడకంలో లేదు.

గడ మీద అడుగుకో ఎర్ర గీత, అరడుగుకో తెల్ల గీత. ఏటా పాత గీతల మీదే రంగు వేస్తాడు. అయితే ఇసుకలో పొడిచి పొడిచి గడ కొస అరిగి జానెడు పొట్టిదైపోయింది. అది అయిదు చూపిస్తే నీళ్లు నిజానికి నాలుగుంపావే. ఆ జానెడు మనసులో తీసేసి కేకేస్తాడు. గీతలు సరిచేసుకుంటే పోయేదే, కానీ అప్పుడు కూడా అలవాటుకొద్దీ నోరు జానెడు తగ్గించే చెబుతుందని భయం. ఈ సంగతి ఒక్క భార్యకే చెప్పాడు. ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వింది.

"గడ ఒక్కటేనా? ఒళ్లు కాలిపోతున్నా కాస్త వెచ్చగా ఉందంటావు. నీ నోట అన్నీ జానెడు తక్కువే!"

ఆవిడ పదకొండు రోజులుగా అవతలి ఒడ్డున ఆసుపత్రిలో ఉంది. లాంచీ అక్కడ ఇరవై నిమిషాలు ఆగుతుంది. ఆసుపత్రికి నడిచి వెళ్లడానికి పది, తిరిగి రావడానికి పది. మంచం పక్కన కూర్చోవడానికి ఒక్క నిమిషం మిగలదు. గడ పట్టేవాడు ఇంకొకడు లేడు కాబట్టి సెలవు మాటే లేదు. పగలు కూతురు ఉంటోంది. ఆఖరి ట్రిప్పు అయ్యాక అతను వెళ్లి, తెల్లవారేదాకా స్టూలు మీద కూర్చుంటున్నాడు.

ఇవాళ బయల్దేరుతుంటే ఆవిడ అతని చొక్కా అంచు పట్టుకుంది. "ఈ పూట ఉండిపోకూడదూ?"

"సాయంత్రం వచ్చేస్తాగా" అన్నాడు. ఆవిడ వేళ్లు ఒక్కొక్కటే విడదీసి దుప్పటి కింద పెట్టాడు.

"అత్తకెలా ఉంది మామా?" అని లాంచీ ఎక్కగానే సరంగు అడిగాడు.

"పరవాలేదు. కాస్త నీరసం."

అయినవాళ్లందరికీ కబురు పెట్టుకోమని డాక్టరు రాత్రే చెప్పాడు.

మధ్యాహ్నం మూడో ట్రిప్పుకు లాంచీ అవతలి రేవు చేరేసరికి మెట్ల మీద కూతురు నిలబడి ఉంది. కాళ్లకు చెప్పులు లేవు.

"అమ్మ పోయింది నాన్నా. ఇందాకే."

"ఊఁ" అన్నాడు. చేతిలో ఉన్న మోకును రోజూలాగే గుంజకు రెండు చుట్లు చుట్టాడు. ఏడుపు రాలేదు. ఏమీ రాలేదు. చెవుల్లో ఇంజను చప్పుడొక్కటే ఉంది.

దిగేవాళ్లు దిగిపోయి, దీవికి పోయేవాళ్లు ఎక్కేశారు. సరంగు గబగబా దిగివచ్చాడు. "నువ్వెళ్లు మామా. ఈ ట్రిప్పు మానేసి ఎక్కినవాళ్లని దింపేస్తాను."

అతను నీళ్లవైపు చూశాడు. ఆటు మొదలై నీళ్లు తగ్గుతున్నాయి. ఇప్పుడు దాటకపోతే మళ్లీ పోటు వచ్చేదాకా చుట్టుదారి కూడా ఉండదు. లోపల నలభైమంది ఇళ్లకు పోవాలని కూర్చున్నారు.

"ఒక్క ట్రిప్పు. పోటు రాగానే వచ్చేస్తాను" అన్నాడు కూతురితో.

"ఇవాళ కూడానా నాన్నా?"

అతను మోకు విప్పి లాంచీ ఎక్కాడు. మేట దగ్గరికి రాగానే ముక్కు మీదికి వెళ్లి గడ ముంచాడు.

"అయిదు... అయిదు... నాలుగున్నర!"

సరంగు నేరుగా పోనిచ్చాడు. అడుగున బరబరమని గీసుకుని లాంచీ ఆగిపోయింది. జనం ఒకరి మీద ఒకరు పడ్డారు. సరంగు ఇంజను వెనక్కి తిప్పగా తిప్పగా లాంచీ ఇసుకను వదిలింది. ఆ ఊపులో గడ అతని చేతుల్లోంచి జారిపోయింది.

"నాలుగున్నర అన్నావు కదా మామా!"

"జానెడు తీసెయ్యడం మర్చిపోయాను."

"ఏ జానెడు?"

చెప్పబోయి ఆగిపోయాడు. ఆ జానెడు సంగతి తెలిసిన మనిషి ఇక లేదు. ఇరవై తొమ్మిదేళ్లు నిలబడిన చోటే చతికిలబడిపోయాడు.

"కష్టంగా ఉందిరా" అన్నాడు. "చాలా కష్టంగా ఉంది. ఉండమని అడిగింది. ఉండలేదు."

సరంగు లాంచీని ఆసుపత్రి ఒడ్డువైపు తిప్పాడు. ఇళ్లకు పోవాల్సిన నలభైమందిలో ఎవరూ కాదనలేదు.

వెనక, పాయ మధ్యలో, గడ ఇసుకలో దిగబడి నిటారుగా నిలబడి ఉంది. నీళ్లు నాలుగున్నర దగ్గరి తెల్ల గీతను వదిలి కిందికి జారుతున్నాయి.