సీపీయూ వెనక గోనెసంచి

పదకొండున్నరకి కంప్యూటర్ మళ్ళీ ఆగిపోయింది. పొద్దుటి నుంచి ఇది నాలుగోసారి. మా అనూష కుర్చీలో అలాగే కూర్చుని నల్లబడిన తెర వంక చూస్తోంది. మూడింటికి దానికి పరీక్ష. హైదరాబాద్‌లో ఏదో కంపెనీ ఉద్యోగానికి, ఇంట్లోంచే కెమెరా ముందు కూర్చుని రెండు గంటలు రాయాలి. పోయిన గురువారం రాస్తూండగా ఇలాగే ఆగిపోయింది. బతిమాలుకుంటే ఇంకొక్క అవకాశం ఇచ్చారు. ఈసారి ఆగితే ఇక పిలవరు.

నాకు భయం వేసింది. భయం వేస్తే నాకు ముందు కోపం వస్తుంది.

"పాతది కొనొద్దని మీ నాన్నకి చిలక్కి చెప్పినట్టు చెప్పాను" అన్నాను. ఆయన ఆగిరిపల్లి తోటలో కాయ కోతకి వెళ్ళారు. ఇంట్లో లేని మనిషిని తిట్టడం సుఖం.

అనూష ఫోన్ స్పీకర్లో పెట్టింది. అవతల వినోద్, దాని క్లాస్‌మేట్. నూజివీడులో కంప్యూటర్లు బాగుచేస్తాడు. ఇవాళే చింతలపూడి వెళ్ళాడు, సాయంత్రం దాకా రాలేడట.

"ఆగిపోయే ముందు ఫ్యాన్ మోత పెడుతోందా?"

"బాగా. సీపీయూ డబ్బా మీద చెయ్యి పెట్టలేకపోతున్నా."

"అయితే వేడెక్కి దానంతట అదే ఆగిపోతోంది. ప్లగ్ పీకేసి పక్క రేకు విప్పు. లోపల ఫ్యాన్‌కి దుమ్ముంటే మెత్తటి బ్రష్‌తో దులుపు."

అనూష ఎప్పుడూ దాన్ని విప్పలేదు. మెల్లగా రెండు మరలు తీసింది. రేకు ఊడి వచ్చింది. లోపల వేలెడు దుమ్ము. దులుపుతుంటే దుమ్ముతోపాటు గడ్డి నలుసులు రాలాయి.

"గడ్డెక్కణ్ణుంచి వచ్చిందమ్మా?"

"మామిడి రోజుల్లో మనూళ్ళో గడ్డి లేని ఇల్లు ఎక్కడుందే?" అన్నాను. మాట నిజమే. కానీ ఆ నలుసుల్ని గబగబా ఊడ్చేశాను.

"వెనక గాలి పోయే ఖాళీ ఉందా?" అన్నాడు వినోద్.

"గోడకీ డబ్బాకీ మధ్య జానెడు వదిలాం. లాగి చూడనా? నెట్ వైరు అక్కడే అతుకేసి ఉంది. కదిపితే నెట్ పోతుందేమో."

"ఖాళీ ఉంటే చాలు, కదపకు. ఎదురుగా టేబుల్ ఫ్యాన్ పెట్టు."

ఆ జానెడు ఖాళీలో ఏముందో నాకు తెలుసు.

పోయిన మంగళవారం బల్ల కింద ఊడుస్తుంటే, డబ్బా వెనక నుంచి వెచ్చటి గాలి చేతికి తగిలింది. తోటలో ఏరుకొచ్చిన బంగినపల్లి కాయలు గదిలో గడ్డి కింద వారమైనా పచ్చగానే ఉన్నాయి. గోనెసంచిలో గడ్డి పరిచి, పాతిక కాయలు పేర్చి, మూతి కట్టి ఆ సందులోకి తోశాను. శుక్రవారానికల్లా బంగారంలా మాగాయి. పక్కింటి తులసమ్మ గారు వాటిని చూసి, "కార్బైడ్ పెట్టావా పార్వతీ?" అన్నారు. మందేమీ లేకుండానే మాగుతాయని చూపించాలని నాకు పంతం పట్టుకుంది. అదే గడ్డిలో రెండో విడత పెట్టాను. బల్ల దగ్గర ఏమీ పెట్టొద్దని అనూష నేల మీద సుద్దముక్కతో గీత గీసింది. అందుకే చెప్పలేదు. మా ఇల్లంతా పండు వాసనే కాబట్టి దానికి అనుమానం రాలేదు.

మంగళవారం పెట్టాను. గురువారం దాని పరీక్ష పోయింది. ఈ రెండు రోజులూ ఇప్పుడే నాకు పక్కపక్కన కనబడ్డాయి. చెప్తే? నా కూతురు ఇక నా మొహం చూస్తుందా? టేబుల్ ఫ్యాన్ పెట్టాం కదా, ఆగదేమోలే అనుకున్నాను. పిరికిదాన్ని.

మధ్యాహ్నం రెండు దాటి పన్నెండు నిమిషాలకి కంప్యూటర్ మళ్ళీ ఆగిపోయింది.

అనూష ఏడవలేదు. "నా వల్ల కాదమ్మా" అంది మెల్లగా. అది ఏడ్చినా బాగుండేది.

నేను మోకాళ్ళ మీద బల్ల కిందకి దూరాను. వైరు కదలకుండా ఒక చేత్తో అదిమిపెట్టి, రెండో చేత్తో సంచి లాగాను. కాలుతోంది. మూతి విప్పితే పుల్లటి ఆవిరి కొట్టింది. పైవి మెత్తబడ్డాయి, అడుగువి కుళ్ళి రసం కారాయి. అడుగు గడ్డి నల్లబడి బూజు పట్టింది. డబ్బా వెనక గాలి పోయే జల్లెడకి గడ్డి పరకలు అంటుకుని ఉన్నాయి.

అనూష సంచిలోకి చూసింది. నా వైపు చూడలేదు. బ్రష్ తీసుకుని జల్లెడ శుభ్రం చేసింది.

"వినోద్, వెనక దారి మూసుకుపోయింది. తీసేశాం" అని మాత్రం ఫోన్లో చెప్పింది. ఎవరు మూశారో చెప్పలేదు.

మూడింటికి గదిలో ఇంకెవరూ ఉండకూడదు కాబట్టి నేను సంచి ఈడ్చుకొచ్చి బయట అరుగు మీద కూర్చున్నాను. తలుపు వెనక కంప్యూటర్ ఫ్యాన్ చప్పుడు సన్నగా వినిపిస్తోంది. అది పెరిగినప్పుడల్లా భయం. తగ్గితే ఇంకా భయం. అంతకన్నా పెద్ద భయం ఇంకొకటుంది. బయటికి వచ్చాక అనూష సంచి ఎప్పుడు పెట్టావని అడుగుతుంది. జవాబు ముందే అల్లుకున్నాను: నిన్ననే పెట్టానే, ఒక్క రోజే.

ఐదుకి ఇంకా పావుగంట ఉండగా చప్పుడు ఆగిపోయింది.

లేవబోయాను, అంతలోనే తలుపు తెరుచుకుంది.

"ముందే అయిపోయింది. పంపించేసి నేనే ఆపాను" అంది అనూష. నా పక్కన కూర్చుంది. సంచి మా ఇద్దరి ఎదురుగానే ఉంది.

"పోయిన గురువారం కూడా ఈ సంచి అక్కడే ఉందా?"

అల్లుకున్న మాట నోటిదాకా వచ్చింది.

"అవునే. మంగళవారమే పెట్టాను" అన్నాను.

"తెలుసు. గడ్డికి ఒక్క రోజులో బూజు పట్టదు కదమ్మా."

"మరి అప్పుడే అడగలేదేం?"

"నిన్ననే పెట్టానంటావేమోనని భయమేసింది" అంది. "నువ్వలా అనుంటే, లోపలికెళ్ళి ఒక్క ముక్క కూడా రాయలేకపోయేదాన్ని."