దుమ్ము తుడవకండి!

పళ్ళ డాక్టరుకు ఒక అలవాటుంది. రోగి నోట్లో దూది కుక్కి, చేతిలోకి డ్రిల్లు తీసుకున్నాక అతనికి మాటలు పొంగుకొస్తాయి. ఎదుటివాడు అడ్డు తగల్లేడు కాబట్టి, ఇంట్లో ఎవరూ చెవిన వేసుకోని కబుర్లన్నీ అక్కడ చెప్పుకుని తేలికపడతాడు.

ఆ రోజు కుర్చీలో వెల్లకిలా పడుకున్నది ఒక భారీ పెద్దమనిషి. కింది దవడలో పన్ను పుచ్చి, బుగ్గ బూరెలా వాచిపోయి వచ్చాడు. మత్తుసూది పడిందో లేదో డాక్టరు మొదలుపెట్టాడు.

"మా బాబాయి పోతూ పోతూ నాకో కారు వదిలి వెళ్ళాడండీ. స్పోర్ట్స్ కారు. రెండే సీట్లు, నేల మీద పాకుతున్నట్టుంటుంది. కుర్రతనంలో కొన్నాడు. ఏదో పాడైందని మా పెరటి షెడ్డులో పెట్టి, బాగు చేయిస్తా బాగు చేయిస్తా అంటూనే ముసలాడైపోయాడు. ఆయన ఏ పనీ పూర్తి చేసిన పాపాన పోలేదు లెండి. అదే రంగు, అవే సీట్లు, ఆఖరికి టైర్లు కూడా అవే."

కుర్చీలోని మనిషి కళ్ళు గుండ్రంగా తిరిగాయి.

"సోమవారం మెకానిక్కుని రమ్మన్నాను. పాత రంగంతా గీకించి పారేసి, నిగనిగలాడే కొత్త ఎరుపు వేయించి, సీట్లు మార్పించి, అప్పుడు అమ్మకానికి పెడదామని."

"ఆఁ! ఓఓఓ! వొగ్గూ!" అన్నాడు ఆ మనిషి, రెండు చేతులూ గాల్లో ఆడిస్తూ.

"అయ్యో, నొప్పి తెలుస్తోందా?"

ఆయన తల అడ్డంగా ఊపాడు. డాక్టరు దాన్ని 'భరించలేకపోతున్నాను' అని అర్థం చేసుకుని ఇంకో సూది పొడిచాడు. దాంతో నాలుక కూడా మొద్దుబారింది. ఆయన కళ్ళవెంట బొటబొటా నీళ్ళు కారాయి. పని ముగిశాక కూడా గుమ్మంలో నిలబడి, బుగ్గ పట్టుకుని ఏదేదో సైగలు చేసి, ఏం లాభం లేక వెళ్ళిపోయాడు.

సాయంత్రానికి నోరు స్వాధీనంలోకి రాగానే పరుగున తిరిగొచ్చాడు.

"వద్దు డాక్టరుగారూ! రంగు వేయించొద్దు! కుర్చీలో మొత్తుకున్నది అదే కదండీ! మీరేమో ఇంకో పోటు పొడిచారు."

ఆయన పాత కార్లు పోగుచేసే మనిషట. నాలుగు మంచి మాటల్లో విషయం విప్పి చెప్పాడు. ఎవరి చెయ్యీ పడని కారంటే ఆ లోకంలో ప్రాణం పెడతారు. కొత్త రంగు వేసిన రోజునే దాని విలువ సగం ఎగిరిపోతుంది.

"రంగు ఎప్పుడైనా వేసుకోవచ్చండీ. ఆ దుమ్ము మళ్ళీ ఏ కొట్లో దొరుకుతుంది చెప్పండి? దయచేసి తుడవను కూడా తుడవకండి."

డాక్టరుకు ఇది ఒక పట్టాన మింగుడుపడలేదు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ అతను చేసిందంతా పచ్చబడ్డదాన్ని తెల్లబరచడం, పగిలినదాన్ని పూడ్చడం, ఊగేదాన్ని బిగించడం. పాడైనదాన్ని పాడైనట్టే ఉంచితే డబ్బులిస్తారన్న సంగతి అతని చదువులో ఎక్కడా లేదు. అయినా మెకానిక్కుకు ఫోను చేసి రావద్దన్నాడు. ఆ రోజు నుంచి ఇంట్లో ఆ పెద్దమనిషికి 'దవడాయన' అని పేరు పడిపోయింది.

కారు చూస్తానని దవడాయన ముచ్చటపడితే డాక్టరు పెరట్లోకి తీసుకెళ్ళాడు. షెడ్డు తలుపు తెరవగానే వెలుతురు పడి ఆ పాత ఎరుపు, ఎండిన మిరపకాయ తొక్కలా మసగ్గా మెరిసింది. పైకప్పు గుడ్డ ఏనాడో చివికి రాలిపోయింది. ముందు దీపాలు రెండూ ముసలివాళ్ళ కళ్ళలా పొర కమ్మి ఉన్నాయి. దవడాయన గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. అంతలోనే ఉలిక్కిపడ్డాడు.

"లోపల ఎవరో ఉన్నారండీ!"

"మా అత్తయ్యగారు" అన్నాడు డాక్టరు, అదేమంత వింత కానట్టు.

అత్తయ్యగారు స్టీరింగు మీద పేపరు ఆనించుకుని చదువుకుంటున్నారు. పక్క సీట్లో అల్లిక బుట్ట ఉంది. మామగారు పోయాక ఆవిడ కూతురి దగ్గరికి వచ్చేశారు. ఇంట్లో ముందు గదిలో డ్రిల్లు గీ పెడుతుంటుంది. వెనక గదిలో కూతురు పిల్లలకు కీబోర్డు నేర్పుతుంటే, అందరూ ఒకే పాటను తలో వైపూ లాగుతుంటారు. ఆవిడ మొదట్లో చెవుల్లో దూది పెట్టుకున్నారు. తర్వాత షెడ్డు కనిపెట్టారు. ఆవిడ మధ్యాహ్నాలన్నీ అక్కడే. డాక్టరు ఎప్పుడూ ఎందుకని అడగలేదు, ఆవిడా చెప్పలేదు.

"ఎవరు బాబూ?" అన్నారు కళ్ళజోడు పైనుంచి చూస్తూ.

"కారు కొనడానికి వచ్చానమ్మా. మీ పక్కన ఒక్కసారి కూర్చోవచ్చా?"

ఆవిడ బుట్ట తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. దవడాయన ఊపిరి బిగబట్టి లోపలికి దిగితే కారు ఒక పక్కకు ఒరిగింది. ఇద్దరూ ఎదురుగా ఉన్న గోడను చూస్తూ, దారిలో పోతున్నవాళ్ళలా కూర్చున్నారు.

"నడుస్తుందా?" అన్నారు ఆవిడ.

"నడిపించాలనే ఉందమ్మా."

"మా ఆయన నాకు స్కూటరు కూడా నేర్పలేదు. నీకెందుకే, నేను లేనా అనేవారు" అని ఆవిడ పేపరు మడిచారు. "ఉన్నన్నాళ్ళూ బాగానే ఉన్నారు మరి."

దవడాయన తన తాహతుకు తగ్గ ధర చెప్పాడు. డాక్టరు నీళ్ళు నమిలాడు. ఒక్కడికే చూపించి అమ్మేస్తే తెలివితక్కువతనమని భార్య గట్టిగా చెప్పింది. దాంతో సంగతి ఆ నోటా ఈ నోటా పాకి, ఆదివారం పొద్దున్నే మరొకాయన దిగాడు.

ఈయన సన్నగా, ఇస్త్రీ మడత నలగకుండా ఉన్నాడు. చేతులకు తెల్లటి తొడుగులు, జేబులో భూతద్దం. కుశలప్రశ్నలు లేవు. కారు కింద దుప్పటి పరుచుకుని దూరి, అక్కడి నుంచే 'ఊఁ', 'ఆహా' అంటూ మూలిగాడు. బయటికి వచ్చి ఒక్కొక్క మరమేకునూ పలకరించాడు. ఇంట్లోవాళ్ళు కాఫీ ఇస్తే ఆవిరి తగులుతుందని కారుకు దూరంగా జరిగి తాగాడు. డ్రైవరు సీటు దగ్గరికి వచ్చేసరికి భూతద్దంగారి ముఖం మాడిపోయింది.

"ఇదేంటి? ఈ కుట్టు ఎవరు వేశారు?"

"నేనే" అన్నారు అత్తయ్యగారు. "చిరిగి లోపలి పీచు గుచ్చుకుంటుంటే వేశాను."

"ఎంత పని చేశారండీ! ఎవరూ చెయ్యి పెట్టలేదన్నారే! ఇది చరిత్రండీ, చరిత్ర!"

"మూడేళ్ళ నుంచి ఇందులో కూర్చుంటున్నాను బాబూ. ఆ చరిత్రలో నాకు ఒక కుట్టంత చోటు లేదా?"

భూతద్దంగారు భూతద్దం జేబులో పెట్టుకున్నాడు. కుట్టుకు కొంత కోత వేసుకుని ధర చెప్పాడు. కోత పోగా మిగిలిందే దవడాయన ధరకు రెండింతలని డాక్టరు వేళ్ళ మీద రెండుసార్లు లెక్కేసి చూసుకున్నాడు.

"తీసుకెళ్ళి ఏం చేస్తారు?" అన్నారు అత్తయ్యగారు.

"అద్దాల గది కట్టించానండీ. ఎండ తగలదు, గాలి తగలదు."

"నడపరా?"

"నడిపితే అరిగిపోదూ!" అన్నాడాయన, ఆవిడ ఏదో బూతు మాట అన్నట్టు చూస్తూ.

డాక్టరు బయానా పుచ్చుకున్నాడు. దవడాయనకు ఫోనులో చెబితే, పాపం కోప్పడలేదు. "కారు ఎక్కించేటప్పుడు ఒకసారి వచ్చి చూసి పోతాను, అంతే" అన్నాడు. అత్తయ్యగారు మాత్రం కారు అరలో ఉన్న కళ్ళజోడు డబ్బా, తలనొప్పి మందు, ఊలు ఉండలు ఒక్కొక్కటే తీసి బుట్టలో వేసుకున్నారు. గది ఖాళీ చేస్తున్న మనిషిలా ఉన్నారు. అది చూసి డాక్టరు కాస్త నొచ్చుకున్నాడు. బయానా జేబులో ఉండడంతో ఆ నొప్పి తొందరగానే తగ్గిపోయింది.

కారు తీసుకెళ్ళే రోజు వచ్చింది. వాళ్ళ సందు పల్లంగా దిగి, బేకరీ దగ్గర వంపు తిరిగి మెయిన్ రోడ్డులో కలుస్తుంది. పెద్ద లారీ సందులోకి పట్టక కిందనే ఆగిపోయింది. కారు వెనక తాడు కట్టి, నలుగురు మనుషులు పట్టుకుని మెల్లగా కిందికి వదలాలని నిర్ణయమైంది. బంపరుకు తాడు ఒరుసుకుంటే గీతలు పడతాయని భూతద్దంగారు దగ్గరుండి మెత్తటి మఖ్మలు గుడ్డ చుట్టించాడు.

స్టీరింగు ఎవరు పట్టుకోవాలన్నది మిగిలింది. డాక్టరు ఎక్కబోతే మోకాళ్ళు గడ్డానికి తగిలాయి. భూతద్దంగారి డ్రైవరుకు పొట్ట అడ్డొచ్చింది.

"నేను పట్టనా?" అన్నారు అత్తయ్యగారు. "నాకు సరిపోతుంది కదా, చూశారుగా."

వేరే దారి లేదు. ఆవిడ కొంగు బిగించి దోపుకుని, కళ్ళజోడు సర్దుకుని కూర్చున్నారు.

"అవసరమైతే ఈ హ్యాండ్‌బ్రేకు లాగండమ్మా" అన్నాడు డ్రైవరు.

కారు గేటు దాటింది. సందులోకి తిరిగింది. రెండిళ్ళు దాటే వరకూ పెళ్ళికూతురిలా నెమ్మదిగా నడిచింది. అప్పుడు మఖ్మలు తన గుణం చూపించింది. తాడు దాని మీద నుంచి సర్రున జారి, లాగుతున్న నలుగురూ ఒకరి మీద ఒకరు వెల్లకిలా పడ్డారు.

"అత్తయ్యగారూ! బ్రేకు! బ్రేకు!" అని అరిచాడు డాక్టరు.

ఆవిడ లాగారు. అది ఊడి చేతిలోకి వచ్చింది. ఆవిడ దాన్ని తలపైకి ఎత్తి అల్లుడికి చూపించారు, ఇక్కడ నా తప్పేం లేదన్నట్టు. బాబాయి ఏం పాడైందని షెడ్డులో పెట్టాడో అందరికీ ఒక్కసారే తెలిసింది.

కారు పరుగందుకుంది. వెనక డాక్టరు, అతని వెనక దవడాయన రొప్పుకుంటూ, పక్కన భూతద్దంగారు తెల్ల తొడుగులు ఊపుకుంటూ.

"పెయింటు! పెయింటు జాగ్రత్త!" అంటున్నాడు భూతద్దంగారు.

"కారు పోతే పోయింది! మీరు గట్టిగా పట్టుకోండమ్మా! ఎడమకి! ఎడమకి!" అంటున్నాడు దవడాయన.

బేకరీ ముందు జనం ముక్కున వేలేసుకుని చూస్తుండగా అత్తయ్యగారు ఎడమకి తిప్పారు. ఎంత చక్కగా తిప్పారంటే, బేకరీవాడి బల్లకు జానెడు దూరంలో కారు వయ్యారంగా వంపు తిరిగి, ఎవరో ఇల్లు కట్టుకుంటూ పోయించుకున్న ఇసుక గుట్టలోకి ముక్కు దూర్చి, నిట్టూర్చి ఆగింది.

డాక్టరు పరుగున చేరుకున్నాడు. అత్తయ్యగారి జుట్టంతా రేగిపోయింది. ముఖం ఎర్రగా కందింది. ఏడుస్తున్నారేమో అనుకున్నాడు. వంగి చూస్తే, నవ్వుతున్నారు. ఈ ఇంటికి వచ్చాక ఆవిడ పళ్ళు కనబడేలా నవ్వడం అతను చూడలేదు. ఇంత చక్కటి పలువరుసను పళ్ళ డాక్టరై ఉండి ఎలా గమనించలేదో అతనికే తెలియలేదు.

"మలుపు చూశారా అల్లుడుగారూ?" అన్నారు ఆవిడ.

భూతద్దంగారు తిన్నగా ముందు మడ్‌గార్డు దగ్గరికి వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"గీత పడింది. రాయేదో తగిలింది. ఈ ధరకి నేను తీసుకోలేను డాక్టరుగారూ. తగ్గించాల్సిందే."

"తగ్గించక్కర్లేదండీ" అన్నాడు డాక్టరు. పైకి వచ్చిన మాట తనదేనా అని అతను ఒక్క క్షణం ఆగి చూసుకున్నాడు. "అసలు మీకు అమ్మడం లేదు." జేబులోంచి బయానా తీసి ఆ తెల్ల తొడుగులో పెట్టేశాడు.

భూతద్దంగారు దుప్పటి, తాడు, మఖ్మలు అన్నీ ఏరుకుని లారీ ఎక్కి పళ్ళు నూరుకుంటూ వెళ్ళిపోయాడు. దవడాయన ఇసుక గుట్ట మీద చతికిలబడి ఆయాసం తీర్చుకుంటున్నాడు.

"గీత పడింది, బ్రేకులు లేవు, కుట్టు ఉంది. చెప్పిన ధరకే తీసుకుంటారా?" అని అడిగాడు డాక్టరు.

"ఆ గీత ఎలా పడిందో చెప్పుకుంటూ ముసలితనమంతా గడిపేస్తానండీ" అన్నాడాయన. "ముందు బ్రేకులు వేయిస్తాను. వాటి జోలికి మాత్రం వెళ్ళక తప్పదు."

కారు అలా వెళ్ళిపోయింది. షెడ్డు బోసిపోయింది. డాక్టరు అందులో ఒక పడక కుర్చీ వేయించి, గోడకు కిటికీ పెట్టించి అత్తయ్యగారికి చూపించాడు. ఆవిడ బాగుందన్నారు. కూర్చున్నారు. నాలుగు రోజులయ్యాక కాఫీ తాగుతూ, మామూలుగా అడిగినట్టు అడిగారు:

"అల్లుడుగారూ, డ్రైవింగు నేర్పేవాళ్ళు ఎక్కడుంటారు?"

కూతురు వద్దంటే వద్దంది. ఆవిడ ఊఁ అన్నారు గానీ మర్నాడే వెళ్ళి చేరారు. నేర్పే ఆయన మొదటివారం ఫోను చేసి, తన జన్మలో ఇంత బాగా స్టీరింగు తిప్పే మనిషిని చూడలేదని మెచ్చుకున్నాడు. పరీక్షలో మాత్రం తప్పారు. బండి ఆపమంటే ఆవిడ చుట్టుపక్కల ఇసుక కోసం వెతుకుతున్నారట.

ఇప్పుడు ఆదివారాలు డాక్టరు తన కారిచ్చి పక్కన కూర్చుంటాడు. లేని బ్రేకును కుడికాలితో నొక్కి నొక్కి అతని చెప్పు అరిగిపోయింది. దారిపొడుగునా ఆవిడ చిన్నప్పటి కబుర్లు చెబుతూనే ఉంటారు. డాక్టరు పళ్ళ బిగువున కూర్చుని, మధ్యలో ఒక్క మాటా అడ్డు తగలకుండా వింటాడు.