మా ఆయన వశమైపోయిన వైనం

మా ఆయన సాల్మన్ పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. నాలుగో కాలు చూపించిన మనిషితో ఆయన మాట్లాడరు. అలా మాటలు ఆగిపోయిన వాళ్లలో సొంత తమ్ముడు ఫిలిప్ కూడా ఉన్నాడు.

అంత పెద్ద గొడవేమిటంటారా? కిందటేడు క్రిస్మస్ కూడికలో ఈయన పాట పాడుతుంటే, డోలక్ వాయిస్తున్న ఫిలిప్ చెయ్యి ఆపి, "అన్నయ్యా, శ్రుతి తప్పింది" అన్నాడు. తప్పిన మాట నిజమే. ఈయన పాడినప్పుడల్లా తప్పుతుంది, మేమంతా అలవాటు పడ్డాం. కానీ సంఘమంతటి ముందూ అంటే ఎవరికైనా నొప్పే. "ఇక వీడి గడప తొక్కితే నన్ను సాల్మన్ అని పిలవకండి" అని ఒట్టు పెట్టుకుని మందిరంలోంచి బయటికొచ్చేశారు. ఆయన వచ్చేశాక కేకు పంచారు. అదింకో కోపం.

ఇప్పుడు ఫిలిప్ కూతురు హెలెన్‌కి పెళ్లి కుదిరింది. మాకు పిల్లల్లేరు. హెలెన్‌కి నడక నేర్పిందీ, సైకిలు నేర్పిందీ మా ఆయనే. "పెదనాన్న రాకపోతే నలుగుకి పీట మీద కూర్చోను" అని ఆ పిల్ల కబురు పంపింది. ఆ కబురు విన్నప్పటి నుంచీ ఈయన చుట్ట ఆరనివ్వలేదు. వెళ్లాలని ప్రాణం కొట్టుకుపోతోంది, ఒట్టు అడ్డం. దగ్గీ దగ్గీ మనిషి సగమైపోయారు.

ఒంగోలులో మాధురి గారనే డాక్టరు హిప్నోథెరపీ చేసి చుట్ట మానడానికి సాయం చేస్తారని మా స్కూల్లో తోటి టీచరు చెప్పింది. వెళ్దామంటే ఈయన ఎగిరిపడ్డారు. దానికి కారణం మా ఊరి టీకొట్టు దగ్గర కూర్చునే బుల్లయ్య.

"హిప్నటిజమంటే వశీకరణే రా సాల్మనూ," అన్నాడట బుల్లయ్య. "తిరునాళ్లలో ఒక మెజీషియన్ నా కళ్లముందే ఒకడి చేత పండుమిరపకాయ తినిపించాడు, జామకాయని చెప్పి. వాడు తిని, ఇంకోటి పెట్టమన్నాడు!"

ఇంటికొచ్చి ఈయన నా మీద పడ్డారు. "నన్ను పడుకోబెట్టి ఆవిడ ఏమేం అడుగుతుందో! నా కడుపులో ఉన్నవన్నీ కక్కేస్తే? మీ అమ్మ గురించి నేననుకునేవన్నీ బయటపడితే?"

"అవి మామూలుగానే బయటపడుతున్నాయి లెండి," అన్నాను.

"అసలు మళ్లీ లేవకపోతే?"

"నేను పక్కనే కూర్చుంటాను. నేను పిలిస్తే లేవకుండా ఏనాడైనా పడుకున్నారా?"

అది నిజమే కాబట్టి మర్నాడు బస్సెక్కారు.

ఆస్పత్రిలో మా వంతు రాబోతుండగా, చివరి చుట్ట కాల్చుకుని వస్తానని ఈయన బయటికి వెళ్లారు. అదే సందని నేను మాధురి గారి దగ్గరికి వెళ్లి మెల్లగా అడిగాను. "మేడమ్, ఆయన మత్తులో ఉన్నప్పుడు 'మీ తమ్ముడింటికి వెళ్లు' అని ఒక్క మాట చెవిలో వేసెయ్యండి. చుట్ట సంగతి తర్వాత చూసుకోవచ్చు." ఇరవయ్యేళ్లుగా పిల్లలకు సైన్సు చెబుతున్న నేను అడిగిన మాట అది!

ఆవిడ నవ్వారు. "అది మత్తు కాదండీ. మనసు ఒకచోట నిలబడి, మిగతా గోల కాసేపు పక్కకి తప్పుకోవడం, అంతే. అప్పుడు మంచి మాట కాస్త లోపలికి దిగుతుంది. ఇష్టంలేని పని మాత్రం ఎవరిచేతా చేయించలేం. అంత శక్తే ఉంటే మా అబ్బాయి చేత కాకరకాయ తినిపించనా? ఆయన వచ్చింది చుట్ట గురించి. నేను మాట్లాడేదీ దాని గురించే."

ఈయన లోపలికొచ్చి ముందు గది నాలుగు మూలలా చూశారు. "ఊపే గడియారం ఏదండీ?" అని అడిగారు.

"గడియారం గోడకుందండీ. టైము చూసుకోవడానికి," అన్నారు మాధురి గారు.

ఈయన్ని వాలుకుర్చీలో కూర్చోబెట్టి, కళ్లు మూసుకుని ఊపిరి నిదానంగా వదలమన్నారు. పాదాలు బరువెక్కుతున్నాయన్నారు, భుజాలు వదులవుతున్నాయన్నారు. ఆవిడ గొంతుకి నాకే ఆవులింతలొచ్చాయి. కాసేపటికి ఈయన నుదుటి మీద ముడతలు పోయాయి. హెలెన్ పెళ్లి కుదిరాక ఆ ముఖం అంత ప్రశాంతంగా ఉండటం నేను చూడలేదు.

"మీకు హాయిగా ఉండే చోటొకటి తలుచుకోండి. ఎక్కడున్నారు?" అని అడిగారావిడ.

"వాగులో," అన్నారీయన.

"ఏం చేస్తున్నారు?"

"ఈత నేర్పుతున్నానండీ. మా ఫిలిప్‌కి. నా మెడ వదలడం లేదు వెధవ."

మాధురి గారు నావైపు ఒక్కసారి చూసి, ఆ మాట పట్టుకుని లాగకుండా వదిలేశారు. ఆ వాగు గాలి ఎంత చల్లగా ఉందో చూడమన్నారు, ఆ గాలిని గుండె నిండా పీల్చమన్నారు, చుట్ట తాగాలనిపించినప్పుడల్లా ఆ గాలి గుర్తు తెచ్చుకోమన్నారు. తర్వాత మెల్లగా కళ్లు తెరిపించారు.

"నిద్ర పట్టలేదండీ," అన్నారీయన, ఆవిడదేదో తప్పయినట్టు. "మీరన్నదంతా వినపడింది. బయట బస్సు హారన్ కూడా వినపడింది."

"వినపడాలి. మీరు మీ వశంలోనే ఉన్నారు. ఒక్కరోజుతో చుట్ట పోదు, ఇంకొన్నిసార్లు రావాలి," అన్నారావిడ.

సాయంత్రానికి ఊళ్లో దిగాం. మా ఇంటికి కుడివైపు వెళ్లాలి, ఫిలిప్ ఇంటికి ఎడమవైపు. ఈయన ఎడమవైపు తిరిగారు.

"ఏవండీ, ఎక్కడికి?"

"జయా, నా కాళ్లు నా మాట వినడం లేదే!" తేలు కుట్టిన దొంగలా నావైపు చూడకుండా అన్నారు. "ఆ డాక్టరమ్మ ఏదో చేసింది. నేను వెళ్లడం లేదు, కాళ్లు వెళ్తున్నాయి. ఒట్టు తీసి గట్టు మీద పెట్టానని ఎవరూ అనకూడదు."

టీకొట్టులో ఉన్న బుల్లయ్య ఆ మాట విని గ్లాసు పక్కన పెట్టేశాడు. "చెప్పానా! వశమైపోయాడు!" అంటూ మాకంటే ముందే ఫిలిప్ ఇంటికి పరుగెత్తాడు.

మేం వెళ్లేసరికి ఫిలిప్ వాకిట్లో పండుమిరపకాయలు గుట్టపోసి రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్నాడు. అన్నను చూసి లేచి నిలబడ్డాడు, కానీ ముఖం వెలగలేదు. గుమ్మంలో హెలెన్ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

"డాక్టరు పంపితే వచ్చావా అన్నయ్యా?" అన్నాడు ఫిలిప్. "నీ అంతట నువ్వు రాలేదన్నమాట. వశీకరణతో వచ్చిన అన్న నాకెందుకు?"

ఈయన నిజం చెబితే ఒట్టు పోతుంది, చెప్పకపోతే తమ్ముడు పోతాడు.

"నిజంగా వశమయ్యాడో లేదో తేల్చేద్దాం ఉండరా!" బుల్లయ్య గుట్టలోంచి ఒక కాయ తీసి అందించాడు. "సాల్మనూ, ఇది జామకాయ. తిను."

అది తేజ రకం. దాన్ని కోసేవాళ్లు కూడా చెయ్యి కడుక్కోకుండా కన్ను తుడుచుకోరు. ఈయన కాయ వంక చూశారు, గుమ్మంలో హెలెన్ వంక చూశారు. తొడిమ తుంచి, కాయంతా నోట్లో వేసుకుని నమిలారు.

నషాళానికి అంటింది. ముఖం కాయ రంగుకొచ్చింది. కళ్లల్లోంచి నీళ్లు ధారగా కారుతుంటే, "తియ్యగా... ఉందిరా" అన్నారు. హెలెన్ పరుగెత్తుకొచ్చి ఆయన చెయ్యి పట్టుకుని కుళాయి దగ్గరికి లాక్కెళ్లింది.

ఫిలిప్ నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "వదినా, నిజం చెప్పు. నా దగ్గరికి వెళ్లమని డాక్టరు చెప్పిందా?"

"చెప్పమని నేనడిగాను, ఆవిడ కుదరదంది. నీ పేరు కూడా ఎత్తలేదు," అన్నాను. "ఎత్తింది మీ అన్నయ్యే. హాయిగా ఉండే చోటు చెప్పమంటే వాగన్నారు. నీకు ఈత నేర్పుతున్నారట. మెడ వదలడం లేదట వెధవ."

ఫిలిప్ కుళాయి వైపు చూశాడు. తర్వాత వంగి, గుట్టలోంచి ఎర్రటి కాయొకటి ఏరి తను కూడా నోట్లో వేసుకున్నాడు.

ఈయన మూతి కడుక్కుని వచ్చేసరికి తమ్ముడు కళ్లనీళ్లతో దగ్గుతున్నాడు. "నీకేమైందిరా?" అని కంగారుపడ్డారు.

"నేనూ వశమైపోయానన్నయ్యా," అన్నాడు ఫిలిప్. "జామకాయ బాగుంది."

రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే అంటారు. ఇక్కడ వైద్యురాలు చెప్పనే లేదు. అన్నదమ్ములిద్దరూ నులకమంచం మీద కూర్చుని ముక్కులు చీదుకుంటున్నారు. హెలెన్ చెరో గ్లాసు మజ్జిగ ఇచ్చింది. ఈయన అది తాగేసి, తమ్ముడి భుజం మీద చెయ్యి వేసి, "ఇంకో జామకాయ ఉందా?" అని అడిగారు.

బుల్లయ్య తొడ చరిచాడు. "చూశారా! ఇంకోటి అడిగాడు!"