రిబ్బన్ మీద ఎనిమిదో ఎముక

ఆగండాగండి, ఎక్కడికీ లేవకండి. ఇది పూర్తిగా విని వెళ్ళండి. మధ్యలో లేచారో, మీ మీద ఒట్టే!

టెక్సస్‌లో మా పక్క ఊళ్ళో యరేలి అని ఒక పిల్ల ఉంది. పదిహేడేళ్ళు. పొద్దున హైస్కూల్లో పన్నెండో తరగతి, మధ్యాహ్నం ఇరవై మైళ్ళ అవతల కాలేజీలో ఎముకల పాఠం. రెండూ ఒకేసారి! ఇక్కడ గణగణ గంట మోగితే లేచి పక్క గదికి పరుగు, అక్కడ గంటే ఉండదు. మొదటిరోజు కాలేజీ క్లాసులో చెయ్యెత్తి "మేడమ్, బాత్రూంకి వెళ్ళొచ్చా?" అని అడిగితే క్లాసు క్లాసంతా గొల్లుమంది. వెళ్ళాలంటే లేచి వెళ్ళిపోవడమేనట! ఎవర్నీ అడగక్కర్లేదట! ఆ రోజు ఇంటికొచ్చి ఆ ఒక్క ముక్కే అమ్మమ్మకి పదిసార్లు చెప్పింది.

అసలు ఎముకల పిచ్చి పట్టించిందే ఆ అమ్మమ్మ. పేరు చబేలా. యరేలికి ఆరేళ్ళప్పుడు ఆవిడ నిచ్చెన మీంచి పడి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఆ ఎక్స్‌రే తెచ్చి కిటికీకి అంటిస్తే, ఎండ పడి ఎముకలన్నీ తెల్లగా వెలిగాయి. అంతే, పిల్ల దాని ముందే చతికిలబడింది. తినమన్నా కదల్లేదు. అప్పట్నుంచీ ఒకటే కల, ఎక్స్‌రేలు తీసే ఉద్యోగం.

కానీ మొదటి పరీక్షలో ఏం జరిగిందో తెలుసా? యాభై రెండు! వందకి!

తెలివి లేక కాదు. హైస్కూల్లో డెబ్బై కంటే తక్కువొస్తే మళ్ళీ రాయనిస్తారు. చిన్నప్పట్నుంచీ అదే అలవాటు. మొదటిసారి ఊరికే చూసొద్దాం, అసలు సత్తా రెండోసారి చూపిద్దాం అనుకుని వెళ్ళింది. దిద్దిన పేపర్ చేతికొచ్చాక, పాఠం చెప్పే హస్కిన్స్ మేడమ్ దగ్గరికెళ్ళి హుషారుగా "మళ్ళీ ఎప్పుడు మేడమ్?" అంది.

"ఏది మళ్ళీ?"

"అదే, ఈ పరీక్ష."

మేడమ్ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "ఇక్కడ మళ్ళీ అనేది లేదమ్మా. రెండోది హోమ్‌కమింగ్ శుక్రవారం. అందులో ఎనభై దాటకపోతే సి గ్రేడ్ మీద ఆశ వదులుకో."

సి రాకపోతే జనవరి నుంచి స్కూలు వాళ్ళు ఇంక కాలేజీకి పంపరు. అంతే కథ. ఎక్స్‌రే కల గోవిందా!

ఇక చూడండి యరేలి చదువు! హోమ్‌కమింగ్ అంటే హైస్కూలు ఫుట్‌బాల్ పండగ, ఆ ఊళ్ళో పెద్ద సందడి కదా. ప్రతి ఆడపిల్లా ఆ రోజు మెళ్ళో మమ్ వేసుకోవాల్సిందే. పళ్ళెమంత గుడ్డ చేమంతి, దాని కింద మోకాళ్ళ దాకా రిబ్బన్లు, రిబ్బన్ల నిండా మువ్వలు, బుల్లి ఎలుగుబంట్లు, మెరుపుల అక్షరాలతో పేర్లు. చబేలా అమ్మమ్మ చేసే మమ్ అంటే ఊళ్ళో తిరుగులేదు. ఆఖరి ఏడాది పిల్లలకి తెలుపూ వెండీ. వారం రోజులు వంటింటి బల్ల మీద రిబ్బన్లే రిబ్బన్లు. ఆవిడ జిగురు వేడిచేస్తుంటే, యరేలి ఆవిడ ఎడమ చెయ్యి పట్టుకుని నొక్కుతూ వల్లె వేసేది.

"స్కాఫాయిడ్, ల్యూనేట్, ట్రైక్వెట్రమ్..."

"ఒసేయ్, చెయ్యి వదలవే, జిగురు కారుతోంది!"

"ఇంకొక్కటే అమ్మమ్మా! ఇదిగో, చిటికెన వేలు వైపు, బఠాణీ గింజంత. పిసిఫార్మ్!"

"నా చేతిలో బఠాణీలు కూడా ఉన్నాయా? మరి పులుసులోకి ఊరికే కొనుక్కొస్తున్నానే!"

యరేలి చీటీల మీద రాసుకున్న పేర్లు ఆ బల్ల మీదే పడి ఉండేవి. అమ్మమ్మ వాటిని జరిపి జరిపి పని చేసుకునేది. అది గుర్తుంచుకోండి.

శుక్రవారం వచ్చింది. పొద్దున్నే అమ్మమ్మ మమ్ తెచ్చి మెళ్ళో వేసి, అంతటితో ఆగక చొక్కాకి పెట్టి దారంతో కుట్టేసింది. కిందటేడు ఎవరిదో గ్రౌండులో ఊడిపడిందని ఆవిడ భయం. "సాయంత్రం దాకా రిబ్బన్లు తిప్పి చూడకు. అది మనిద్దరికే!" అని ముసిముసిగా నవ్వింది. యరేలికి అదేంటో అడిగే తీరికెక్కడిది?

స్కూల్లో డప్పులు, కేకలు! రెండున్నరకి ఆ గోలంతా అయ్యీ అవ్వగానే ఒకటే పరుగు. కారెక్కితే మువ్వలు ఘల్లు, బ్రేకేస్తే ఘల్లు. కాలేజీ మెట్లెక్కి క్లాసులో కాలుపెట్టేసరికి ఇరవై తలలు ఒక్కసారి తిరిగాయి.

"అబ్బో! పెళ్ళికూతురొచ్చింది!" అన్నాడు డెల్బర్ట్ అంకుల్. యాభై నాలుగేళ్ళాయన. చమురు బావుల దగ్గర పని పోయాక ఇక్కడ చేరి యరేలి పక్కనే కూర్చుంటాడు.

"నవ్వకండి అంకుల్! కుట్టేసింది మా అమ్మమ్మ. ఊడి రాదు. పరీక్షలో ఇదంతా మోగుతుంది!"

"ఊపిరి పీల్చకు, సరి."

"అంకుల్!"

"సరే సరే, ఏడవకు పాపా." జేబులోంచి నల్ల టేపు తీశాడు. చమురు బావుల వాళ్ళకి టేపు లేకుండా పొద్దుగడవదు. ఇద్దరూ కూర్చుని గబగబా ఒక్కో మువ్వకీ టేపు చుట్టారు. "మా కూతురిది ఇంతకంటే పెద్దది. మూడు ఎలుగుబంట్లు. తలుపులో పట్టలేదు, తెలుసా!" హస్కిన్స్ మేడమ్ కూడా ఆ ఊళ్ళో పెరిగినావిడే. చూసి నవ్వి ఊరుకుంది. "మోగితే మాత్రం బయట రాయిస్తా" అంది.

పేపర్ ఇచ్చారు. యరేలి చూసింది. అబ్బా, తెలుసు! ఇదీ తెలుసు! తొడ ఎముక, వెన్నుపూసలు, పక్కటెముకలు, పెన్ను పరిగెడుతోంది. చెవులు వేడెక్కిపోయాయి. పండగంటే ఇదీ! అక్కడక్కడా తప్పు పోయినట్టు తనకే తెలుస్తోంది, వేళ్ళ మీద లెక్కేసుకుంటూనే ఉంది.

ఆఖరి ప్రశ్న. మణికట్టులో ఎనిమిది ఎముకలు. ఒక్కోదానికి రెండు మార్కులు.

ఎగిరి గంతేసినంత పని చేసింది. స్కాఫాయిడ్, ల్యూనేట్, ట్రైక్వెట్రమ్, ఒకటి వదిలి, ట్రపీజియం, ట్రపిజాయిడ్, క్యాపిటేట్, హేమేట్. ఏడు! ఎనిమిదోది? చిటికెన వేలు వైపుది. బఠాణీ. అమ్మమ్మ చెయ్యి కళ్ళ ముందుంది, జిగురు వాసన కూడా వస్తోంది, పేరు మాత్రం నాలిక చివర కూర్చుని దిగనంటోంది. లెక్క చూసుకుంది. అది రాస్తే ఎనభై ఒకటి. రాయకపోతే డెబ్బై తొమ్మిది.

తన మణికట్టు నొక్కుకుని చూద్దామని చెయ్యి ఒళ్ళోకి దించింది. రిబ్బన్ ఒకటి తిరగబడింది.

వెనక వైపు వెండి మెరుపులతో, అమ్మమ్మ వంకర అక్షరాలు: పిసిఫార్మ్.

పక్క రిబ్బన్ తిప్పింది. హేమేట్. ఇంకోటి. ల్యూనేట్. ఎనిమిది రిబ్బన్లు, ఎనిమిది పేర్లు! పిచ్చి అమ్మమ్మ! వారమంతా విని విని, చీటీలు చూసి రాసి, మనవరాలి గుండెల మీద కుట్టి పంపింది. కాలేజీ వాళ్ళ కళ్ళకి అది ముద్దొస్తుందా, కాపీ కాదూ? మెళ్ళో జవాబులేసుకుని పరీక్షకొచ్చిన పిల్ల!

ఎవరూ చూడలేదు. డెల్బర్ట్ అంకుల్ తన పేపర్లో మునిగిపోయి ఉన్నాడు. రిబ్బన్ మళ్ళీ తిప్పేస్తే సరి.

లేచింది. టేపు ఊడిన మువ్వ ఒకటి ఘల్లుమంది. మేడమ్ బల్ల దగ్గరికెళ్ళి, గుసగుసగా "మేడమ్, కత్తెరుందా?" అంది.

"ఎందుకు?"

యరేలి రిబ్బన్ తిప్పి చూపించింది. "మా అమ్మమ్మ. నాకు తెలీదు మేడమ్, నిజంగా. ఏడు ముందే రాసేశాను. ఎనిమిదోది ఇప్పుడే చూశాను."

మేడమ్ రిబ్బన్లన్నీ ఒక్కొక్కటే తిప్పి చదివింది. నవ్వు ఆపుకుంటోందో, కోపం ఆపుకుంటోందో యరేలికి అంతుపట్టలేదు. తర్వాత ల్యాబ్ సొరుగులోంచి కత్తెర తీసి, తనే టకటకా దారం తెంపి, మమ్‌ని బల్ల మీద బోర్లా పెట్టింది. పేర్లు కనపడకుండా ఒక తువ్వాలు కప్పింది.

"మీ అమ్మమ్మ ఒక్కటి కూడా తప్పు రాయలేదు" అంది మెల్లగా. "నువ్వొచ్చి చెప్పావు కాబట్టి ఆ ఏడూ నీవే. ఎనిమిదోది చూడకపోతే గుర్తొచ్చేదా?"

"వచ్చేది! ఏమో. వచ్చేదేమో."

"అది నాకెలా తెలుస్తుందమ్మా? ఇక్కడ అడిగి వెళ్ళడాలూ, గంటలూ లేవని మొదటిరోజే తెలుసుకున్నావు కదా. రాస్తావో, వదిలేస్తావో, నీ ఇష్టం. ఏది చేసినా నేను అడగను. పదకొండు నిమిషాలుంది."

యరేలి వెనక్కొచ్చి కూర్చుంది. మెడ తేలిగ్గా, వింతగా ఉంది. డెల్బర్ట్ అంకుల్ ఏమైందన్నట్టు కనుబొమ్మలెగరేశాడు. పేపర్ మీద నాలుగో గీత ఖాళీగా ఉంది. ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుని, చిటికెన వేలు వైపు ఆ బఠాణీ గింజని గట్టిగా నొక్కింది. ఉంది, అక్కడే ఉంది, ఆరేళ్ళప్పుడు కిటికీలో వెలిగినట్టే. పెన్ను చేతిలోకి తీసుకుంది.

ఎనభై ఒకటా, డెబ్బై తొమ్మిదా? చెప్పండి, మీరే ఆ కుర్చీలో ఉంటే ఆ ఎనిమిదో ఎముక పేరు రాసేవాళ్ళా?