పదికి ఎంత నొప్పి

శివజ్యోతి జిమ్ మెట్లు ఎక్కేటప్పుడు పక్కనున్న కమ్మీ పట్టుకోలేదు. మూడు నెలల్లో ఇదే మొదటిసారి. పొద్దున ఉప్మా తిన్న వెంటనే వేసుకున్న నొప్పి మాత్ర బాగానే పనిచేసింది. అయినా ఆమెకు సంతోషం లేదు. కోచ్ ముంతాజ్ కనిపెడితే ఎలా అన్నదే గుబులు.

మర్నాడు కర్నూలులో డాక్టరుకు కాలు చూపించాలి. తొడ కండ గట్టిపడకపోతే కుడి మోకాలికి ఆపరేషన్ తప్పదని మూడు నెలల కిందట ఆయన అన్నాడు. కిందటి వారం కాళ్లతో బరువు తోసే మిషను మీద నలభై కిలోలకే మోకాలు పీకి ఆగిపోయింది. ఈ రోజు యాభై తోయగలిగితే డాక్టరు ముందు కాస్త ధైర్యంగా కూర్చోవచ్చు.

కల్లూరులోని ఆ జిమ్‌లో పది నుంచి పన్నెండు దాకా ఆడవాళ్లకే. నేర్పేది ముంతాజ్. ఆమె పద్ధతి ఒకటే: ప్రతి విడత కాగానే నొప్పి పదికి ఎంతో చెప్పాలి. మూడు దాటితే బరువు దించేస్తుంది.

నలభై కిలోల విడత అయింది.

"ఎంతక్కా?"

"ఒకటి."

ముంతాజ్ ఇంకో ఐదు కిలోలు వేసింది. "ఇప్పుడు?"

"ఏమీ లేదు."

పక్కన సైకిల్ తొక్కుతున్న హులిగెమ్మ పకపకా నవ్వింది. "ఏమ్మే, పోలీసు సెలక్షన్‌కేమన్నా పోతాండావా?"

శివజ్యోతి కూడా నవ్వబోయింది. మళ్లీ తోసేసరికి మోకాలి చిప్ప కింద కరకరమంది. ఇదివరకు ఆ చప్పుడుతోపాటు నొప్పీ వచ్చేది, ఆమె ఆగేది. ఇప్పుడు చప్పుడు ఒక్కటే వచ్చింది. లోపల ఏం అరుగుతోందో తెలిసే దారి లేదు. అరచేతులకు చెమట పట్టింది.

ముంతాజ్ ఇంకో ప్లేటు అందుకుంది. "శానా బాగుండాదక్కా. యాభై చేద్దాం, కాళ్లు పెట్టు."

"వద్దు ముంతాజూ. మాత్ర వేసుకోని వచ్చినా."

"ఏం మాత్ర?"

"నొప్పిది. మా ఇంటాయన నడుముకు వాడతాడే, అది."

"యా అల్లా! నీ నొప్పిని అడిగి కదక్కా నేను బరువేసేది. దాని నోరు కట్టేసి తెస్తే నేనెవరిని అడగాల?"

హులిగెమ్మ తొక్కడం ఆపేసింది.

"రేపు డాక్టరుకు యాభై తోసినానని చెబుదామని..." శివజ్యోతి మోకాలి మీద చెయ్యి పెట్టుకుంది.

"ఆయప్ప నీ కాలు చూస్తాడు గానీ నా ప్లేట్లు చూస్తాడా?" ముంతాజ్ బరువంతా తీసేసింది. "ఈ పొద్దు కాళ్లకు కసరత్తు లేదు. రేపు మాత్ర ముట్టుకోవద్దు. ఉన్న కాలు ఉన్నట్టు చూపించు."

"ఆపరేషన్ అంటేనో?"

ముంతాజ్ వచ్చి పక్కన కూర్చుంది. "అది నాకు తెలీదక్కా. ఎన్ని గంటలకు పోవాల?"

"పదకొండుకు."

"మధ్యాన్నానికి మార్పించుకో. నేనూ వస్తా. ఇన్నాళ్లూ నీతో ఏం చేయించినానో నేను చెప్తా."

శివజ్యోతి ఫోను తీసింది. ఆసుపత్రి నంబరు నొక్కుతుంటే తడి వేలు రెండుసార్లు తప్పింది.