మెర్ల్ పిస్తోలుకి కొత్త సైట్లు

మెర్ల్ ట్వేట్‌కి అరవై దాటాయి. అమెరికాలో, నార్త్ డకోటాలోని ఒక చిన్న ఊళ్ళో స్కూలు బస్సు నడుపుతాడు, మంగళవారం సాయంత్రాలు గురిపోటీల క్లబ్బులో పిస్తోలు పేలుస్తాడు. చలికాలం మొదలైనప్పటి నుంచి అతని తూటాలన్నీ ఎడమకి పోతున్నాయి. కళ్ళు చూపించుకోమని భార్య గ్లెన్నా పోరుతూనే ఉంది. డాక్టరు దగ్గరికి వెళితే మాట బడి దాకా పాకుతుంది, బడి దాకా పాకితే బస్సు పోతుంది. బస్సు పోతే పొద్దున్నే లేవడానికి అతనికి ఇంకో కారణం లేదు. అందుకని తప్పంతా సైట్లదేనని, అంటే గురి చూసుకోవడానికి పిస్తోలు మీద ముందూ వెనకా బిగించే ముక్కలదేనని తేల్చేసుకున్నాడు. పాపం ఇనుముకి నోరు లేదు కదా, ఏ నింద వేసినా పడుతుంది.

శనివారం పొద్దున ఓరిన్ లుండ్ తుపాకుల కొట్టుకి వెళ్ళాడు. ఇద్దరూ చిన్నప్పుడు ఒకే బెంచీ మీద కూచుని చదివినవాళ్ళు. మెర్ల్ పిస్తోలు ఖాళీ చేసి, తెరిచిపెట్టి బల్ల మీద ఉంచాడు. ఓరిన్ తూటా ఉండిపోయిందేమోనని మళ్ళీ లోపలికి తొంగి చూశాడు, వేలు పెట్టి తడిమాడు. కన్నతండ్రి చేతిలోంచి తీసుకున్నా అక్కడ అలాగే చూస్తారు. ఎవరూ నొచ్చుకోరు.

"సైట్లు మార్చాలిరా. కంపెనీ వాడు బిగించినవి ఎందుకూ పనికిరావు," అన్నాడు మెర్ల్.

"ఇన్నాళ్ళూ వాటితోనే కదా కప్పులన్నీ ఇంటికి మోసుకుపోయావు. ఇప్పుడేం రోగమొచ్చింది వాటికి?"

"నీకెందుకు? సరుకు చూపించు."

ఓరిన్ పళ్ళెం తీసి ముందు పెట్టాడు. చీకట్లో వెలిగేవి, ఉత్త నల్లవి, ముందు ముక్క మీద నారింజ చుక్క ఉన్నవి. మెర్ల్ ఒక్కొక్కటీ ఎత్తి వెలుతురులో పట్టుకుని చూశాడు.

"ఈ నారింజది బాగుంది. కనిపిస్తోంది."

"అంటే మిగతావి కనిపించట్లేదా?"

"కనిపిస్తున్నాయిలే. ఇది ఇంకా బాగా కనిపిస్తోంది."

"ముందు ముక్క ఎత్తు పెరిగితే తూటా కిందకి కొడుతుంది. పొట్టిదివ్వనా, పొడుగుదా?"

"నావి పైకీ పోవట్లేదు, కిందకీ పోవట్లేదు. పక్కకి పోతున్నాయి."

ఓరిన్ పిస్తోలు తిప్పి చూశాడు. మధ్యలో ఉండవలసిన వెనక సైటు కుడివైపు అంచు దాకా జరిగి ఉంది. పక్కన సుత్తి దెబ్బల మచ్చలు.

"ఇదెవరు జరిపారు?"

"నేనే. ఎడమకి కొడుతుంటే కుడికి జరపరా మరి?"

"జరుపుతారు. కానీ ఇంకో దెబ్బ వేసుంటే ఊడి నీ కాళ్ళ మీద పడేది."

ఓరిన్ పిస్తోలు తీసుకుని కొట్టు వెనక గురి చూసుకునే చోటికి వెళ్ళాడు. మూడుసార్లు పేల్చి కాగితం పట్టుకొచ్చాడు. మూడు చిల్లులూ ఒక్కచోటే, మధ్య చుక్కకి బెత్తెడు కుడికి పడ్డాయి.

"నువ్వు జరిపిన మేరకే కుడికి పోయాయి. పిస్తోలు తిన్నగానే ఉందిరా."

"నీ చెయ్యి వేరు, నా చెయ్యి వేరు."

"సరే, ఆ చేతులే ముందుకి చాపు. అరచేతుల మధ్య కంత వదిలి, రెండు కళ్ళూ తెరిచి అందులోంచి నా ముక్కు చూడు."

క్లబ్బులో కొత్తగా చేరినవాళ్ళ చేత మొదటిరోజు చేయించే పని అది. ఏ కంటితో గురి చూస్తారో దాంతో తేలుతుంది. మెర్ల్ చిరాకుపడుతూనే చేశాడు. ఎదురుగా నిలబడ్డ ఓరిన్‌కి ఆ కంతలో మెర్ల్ ఎడమ కన్ను కనబడింది. మెర్ల్ పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి కుడి కంటితోనే గురి చూసేవాడు.

"ఇప్పుడు ఎడమ కన్ను మూసి, నా వెనక పెట్టె మీద ఏం రాసుందో చదువు."

మెర్ల్ మూశాడు. చాలాసేపు చూశాడు. అతనికి భయం వేసింది.

"అక్కడ వెలుతురు లేదు," అన్నాడు.

దీపం సరిగ్గా ఆ పెట్టె పైనే వెలుగుతోంది. ఓరిన్ పాత సైట్లు ఊడదీశాడు. నారింజ చుక్క సైటు బిగించాడు, కొత్త వెనక సైటుని కొలిచి మధ్యకి తెచ్చాడు, గుడ్డతో తుడిచి చేతికిచ్చాడు.

"ఇక ఎడమ కంటితో కొట్టడం నేర్చుకో. ఎండాకాలానికల్లా అలవాటైపోతుంది."

మెర్ల్‌కి ప్రాణం లేచొచ్చింది. "అంతేనా?"

"పిస్తోలు వరకు అంతే. సోమవారం నుంచి మా మనవరాళ్ళని నేనే బడికి దింపుతాను."

మెర్ల్ మొహం మాడిపోయింది. "అంటే ఏంట్రా నువ్వనేది?"

"బస్సు తలుపు కుడిపక్కనే కదరా ఉండేది. పిల్లలు ఎక్కేదీ దిగేదీ నీ కుడి కంటి వైపే."

మెర్ల్ పిస్తోలు బల్ల మీద పెట్టేశాడు. కోపం తెచ్చుకుందామని చూశాడు, రాలేదు.

"నిన్న హాగెన్ వాళ్ళ పిల్ల బస్సు కుడి చక్రం పక్కనే నిలబడుందిరా," అన్నాడు చివరికి. "అది బస్సుని చేత్తో బాదేదాకా నాకు తెలీలేదు. అప్పటికే కదిలించేశాను."

ఓరిన్ కొట్టు ఫోను అతని ముందుకి జరిపాడు. మెర్ల్ ప్రిన్సిపాలు ఇంటి నంబరు అడిగాడు.