బావని మాట్లాడనివ్వని నోరు

బావమరిది బట్టల దుకాణంలో సేల్స్‌మన్. నోటితో బతికేవాడు కాబట్టి ఎక్కడా ఊరుకోవడం చేతకాదు. బావ గడియారాలు బాగుచేస్తాడు. మాట అనాలంటే ముందు గొంతు సవరించుకోవాలి ఆయన. ఆలోగా వీడు నాలుగు మాటలు దంచేస్తాడు.

బావకి హెర్నియా ఆపరేషన్ రోజున మత్తు డాక్టరమ్మ మంచం దగ్గరికొచ్చింది. "మీకు ఏ మందైనా పడదా? ఇంతకుముందు మత్తిస్తే ఇబ్బందేమైనా వచ్చిందా?"

బావ గొంతు సవరించుకున్నాడు.

"మా బావకి పడకపోవడమేంటి మేడమ్! రాళ్ళు తిని అరిగించుకునే ఘటం. ఇన్నేళ్ళు మా అక్క వంట తిని బతికాడంటేనే తెలియట్లేదూ!"

అక్క పకపకా నవ్వింది. డాక్టరమ్మా నవ్వేసింది. బావ ఏదో అనబోయి, తనూ నవ్వి ఊరుకున్నాడు. అంతలో స్ట్రెచర్ వచ్చేసింది.

మత్తిచ్చారో లేదో ఒళ్ళంతా దద్దుర్లు, ముఖం ఉబ్బిపోయింది, ఊపిరాడలేదు, బీపీ అడుగంటింది. ఆపరేషన్ మొదలుపెట్టకుండానే ఆపేశారు. "కండరాలు వదులవడానికి ఇచ్చిన మందు పడలేదనుకుంటున్నాం. చెయ్యగలిగిందంతా చేస్తున్నాం," అని బయటికొచ్చి చెప్పింది డాక్టరమ్మ. ఆ మాటతో బావమరిదికి పైప్రాణాలు పైనే పోయాయి. బావ ఏం చెప్పబోయాడు?

ఎలాగో గండం గడిచింది. గొంతులో గొట్టం తీశాక డాక్టరమ్మ మళ్ళీ అదే అడిగింది. ఈసారి వాడు పంటి బిగువున ఊరుకున్నాడు.

"పెళ్ళికి ముందు చెయ్యి విరిగితే ఆపరేషన్ చేశారు. అప్పుడూ మత్తిచ్చాక ఇలాగే ఉబ్బాను. ఎక్కడికెళ్ళినా ముందే చెప్పమన్నారు," అన్నాడు బావ బొంగురు గొంతుతో.

"మరి చెప్పరేం?" అక్క విరుచుకుపడింది.

"మరిచిపోయాను."

"ప్రాణాల మీదికి తెచ్చుకునేంత మరుపా? వీడు పక్కనున్నాడు కాబట్టి సరిపోయింది. లేకపోతే నేనేమైపోయేదాన్ని!" అంటూ తమ్ముడి తల నిమిరింది.

ఊరుకుంటే బతికిపోయినట్టే. బావే కప్పేశాడు, అక్కకి ఎప్పటికీ తెలియదు. కానీ ఆ నిమిరే చెయ్యి వాడు భరించలేకపోయాడు. సిగ్గుతో చచ్చిపోతున్నాడు.

"బావ మరిచిపోలేదక్కా. చెప్పబోయాడు. నేనే అడ్డుపడి..."

"నోరు మూసుకోరా," అన్నాడు బావ.

అక్క చెయ్యి తల మీదే ఆగిపోయింది.

"ఆ మాట ఆ రోజే అనాల్సింది బావా," అని వాడు బావురుమన్నాడు.